జీర్ణనాళం స్లైడ్‌లను గుర్తుపట్టడం ఎలా: ఒక్క గీతతో అన్నవాహిక నుంచి అపెండిక్స్ దాకా

హిస్టాలజీ (కణజాలాల్ని మైక్రోస్కోప్ కింద చూసే శాస్త్రం) ప్రాక్టికల్స్‌లో జీర్ణనాళం దగ్గరికి వచ్చేసరికి చాలామంది ఫస్టియర్ విద్యార్థులు అట్లాస్ తెరిచి బొమ్మలు బట్టీ పట్టడం మొదలుపెడతారు. బొమ్మలో విల్లై (చిన్నపేగు లోపలి వైపు వేళ్లలా పొడుచుకొచ్చేవి) నిటారుగా, వరసగా నిలబడి ఉంటాయి. స్లైడ్‌లో అవే విల్లై ఏటవాలుగా తెగి, ముక్కలై, కొన్నిచోట్ల పైపొర రాలిపోయి కనిపిస్తాయి. రెంటికీ పొంతన కుదరక డుయోడినమ్‌ని (చిన్నపేగు మొదటి భాగం) పైలోరస్ (జీర్ణాశయం చివరి భాగం) అనీ, గాల్‌బ్లాడర్‌ని (పిత్తాశయం) జెజునమ్ (చిన్నపేగు మధ్య భాగం) అనీ రాసి బయటికొస్తారు. చదవక కాదు, చూసే వరస తెలియక. ఎంబీబీఎస్, బీడీఎస్ వాళ్లకే కాకుండా ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేసేవాళ్లకీ, జువాలజీ డిగ్రీ చదివేవాళ్లకీ పనికొచ్చేలా ఆ వరసే ఇక్కడ చెబుతున్నాను.

అన్నవాహిక మొదలు మలాశయం దాకా గోడ కట్టుబడి ఒక్కటే. లోపలి నుంచి బయటికి నాలుగు పొరలు: మ్యూకోసా, సబ్‌మ్యూకోసా, మస్క్యులారిస్ ఎక్స్‌టర్నా, అన్నిటికన్నా బయట సెరోసా (నునుపైన పలచటి పొర) లేదా అడ్వెంటీషియా (చుట్టుపక్కల కణజాలంతో కలిసిపోయే వదులు పొర). మ్యూకోసాలో మళ్లీ మూడు భాగాలున్నాయి. ఆహారాన్ని తాకే ఎపితీలియం, దాని కింద ఆసరాగా ఉండే లామినా ప్రోప్రియా, అట్టడుగున మస్క్యులారిస్ మ్యూకోసా అనే సన్నని కండరపు గీత. ఈ గీతే మన ఆనవాలు. గ్రంథులు దానికి పైన ఉన్నాయా కిందికి దిగాయా, గీత మందంగా ఉందా, మధ్యలో తెగిందా, అసలు ఉందా లేదా అని అడుగుతూ పోతే మీ ముందు పెట్టే స్లైడ్‌లలో దాదాపు అన్నీ తేలిపోతాయి.

మైక్రోస్కోప్ కింద పెట్టకముందే

స్లైడ్ చేతికి రాగానే వెలుతురుకి ఎదురుగా పట్టుకుని, లేదా తెల్లకాగితం మీద ఉంచి, మామూలు కంటితో చూడండి. హెమటాక్సిలిన్, ఇయోసిన్ (హెచ్ అండ్ ఇ) రంగులు వేసిన స్లైడ్‌లో కేంద్రకాలు నీలి ఊదా రంగు, కండరం, కొల్లాజెన్ గులాబీ రంగు పట్టుకుంటాయి. కణాలు కిక్కిరిసి ఉండే మ్యూకోసా వైపు ఊదాగానూ, కండరం వైపు గులాబీగానూ ఉండటం కంటికే తెలుస్తుంది. అంటే ల్యూమెన్ (గొట్టం లోపలి ఖాళీ) ఎటువైపో, బయటి అంచు ఎటువైపో అప్పుడే తేలిపోయినట్టు.

ఇంకా చాలా తెలుస్తుంది. చిన్న గుండ్రటి ఉంగరం, అందులో చుట్టూ ముదురు నీలం చుక్కలు ఉంటే అపెండిక్స్ అని అనుమానించండి. కాస్త పెద్ద ఉంగరం, మధ్యలో రంధ్రం ముడతలు పడి ఉంటే అన్నవాహిక కావచ్చు. పట్టీలా కోసిన ముక్క అంచు మీద సన్నటి కుచ్చు కనబడితే చిన్నపేగు. విల్లై ఎత్తు అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు వరకు ఉంటుంది కాబట్టి కళ్లు చురుగ్గా ఉన్నవాళ్లకి ఆ కుచ్చు తెలుస్తుంది. ఇవన్నీ అనుమానాలే, నిర్ధారణలు కావు. కానీ ఏమీ తెలియకుండా ఐపీస్‌లోకి చూడటం వేరు, ఒక ప్రశ్న పెట్టుకుని చూడటం వేరు.

స్లైడ్ పెట్టేటప్పుడు కవర్‌స్లిప్ పైకి ఉందో లేదో వేలితో తడిమి చూసుకోండి. తిరగేసి పెట్టినా 4ఎక్స్‌లో, 10ఎక్స్‌లో బాగానే కనిపిస్తుంది. 40ఎక్స్‌కి తిప్పాక మాత్రం ఎంత తిప్పినా ఫోకస్ కుదరదు. మైక్రోస్కోప్ పాడైందనుకుని పరీక్షలో విలువైన నిమిషాలు పోగొట్టుకునేది ఇక్కడే. 40ఎక్స్‌లో ఉన్నప్పుడు పెద్ద స్క్రూ ముట్టుకోవద్దు, చిన్న స్క్రూతోనే సరిచేయండి. ఆయిల్ ఇమ్మర్షన్ అవసరం ఈ స్లైడ్‌లకి అసలు ఉండదు.

గీత పట్టుకోవడం

4ఎక్స్‌లో ల్యూమెన్ నుంచి బయలుదేరి బయటి అంచు దాకా నెమ్మదిగా స్లైడ్ జరపండి. అవయవం పేరు ఇంకా ఆలోచించొద్దు, పొరలు మాత్రం లెక్కపెట్టండి. మ్యూకోసా దాటగానే వదులుగా, పాలిపోయినట్టు ఉండే జాగా వస్తుంది. అందులో పెద్ద పెద్ద రక్తనాళాలు కనిపిస్తాయి. అదే సబ్‌మ్యూకోసా. పెద్ద రక్తనాళాలు కనబడ్డాయంటే మ్యూకోసా దాటి వచ్చేశారని అర్థం. అక్కడి నుంచి కొంచెం వెనక్కి, ల్యూమెన్ వైపు జరిగితే గ్రంథుల అడుగున సన్నని గులాబీ గీత కనిపిస్తుంది. కొన్ని కణాల మందమే ఉంటుంది. 10ఎక్స్‌కి తిప్పి దాన్ని ఖాయం చేసుకోండి.

కొల్లాజెన్ కూడా గులాబీ రంగే కదా, ఇది కండరమేనని ఎలా తెలుస్తుంది? కేంద్రకాలు చూడండి. నిలువుగా తెగిన నునుపు కండరంలో కేంద్రకాలు పొడవుగా, మొద్దు కొసలతో, ఒకదాని పక్కన ఒకటి ఒకే దిక్కుకి తిరిగి ఉంటాయి. అడ్డంగా తెగితే గులాబీ చుక్కలు కనిపిస్తాయి. వాటిలో కొన్నిటికే మధ్యలో కేంద్రకం ఉంటుంది, మిగతావి కేంద్రకానికి పైనో కిందో తెగినవి. కొల్లాజెన్‌లో కేంద్రకాలు అరుదు, సన్నగా మొనదేలి ఉంటాయి, పోగులు వంకర్లు తిరిగి ఉంటాయి. ఈ తేడా ఒకసారి కంటికి అలవాటైతే గీత దానంతటదే కనిపిస్తుంది.

ఈ గీత గురించి ఇంత పట్టుబట్టడానికి పరీక్ష ఒక్కటే కారణం కాదు. రేపు పాథాలజీలో పెద్దపేగు నుంచి తీసిన పాలిప్‌ని (లోపలి పొర మీద పెరిగిన గడ్డ) చూసేటప్పుడు మొట్టమొదట అడిగే ప్రశ్న, క్యాన్సర్ కణాలు మస్క్యులారిస్ మ్యూకోసాని దాటి సబ్‌మ్యూకోసాలోకి దిగాయా లేదా అనే. పెద్దపేగులో దాటనంతవరకు ఇతర చోట్లకి పాకే ప్రమాదం దాదాపు లేనట్టే లెక్క, దాన్ని టీ-ఈజ్ దశగా రాస్తారు. దాటితే టీ-1. ఆ గీతకి ఇవతలా అవతలా అన్న తేడాతో ఒక మనిషి చికిత్స మారిపోతుంది.

ఎపితీలియం ఒక వరసా, చాలా వరసలా

గీత దొరికాక మళ్లీ పైకి, ల్యూమెన్ అంచుకి వెళ్లండి. చాలా వరసల కణాలు పేర్చి, పైవరస చదునుగా ఉంటే అది స్తరిత స్క్వేమస్ ఎపితీలియం. ఆహారం రాపిడి తట్టుకోవాల్సిన చోట ఇది ఉంటుంది: అన్నవాహిక, మలద్వారం చివరి భాగం. పొడుగాటి కణాలు ఒకే వరసలో నిలబడి ఉంటే సింపుల్ కాలమ్నార్ ఎపితీలియం. జీర్ణాశయం నుంచి మలాశయం దాకా అంతా ఇదే.

స్క్వేమస్ అయితే అన్నవాహిక దగ్గరే ఆగి కాసేపు చూడండి. పైవరస కణాల్లో కూడా కేంద్రకాలు ఉండాలి, ఎందుకంటే ఇక్కడ చర్మం మీద ఉన్నట్టు కెరటిన్ పొర ఉండదు. రంధ్రం, తాడు బిగించిన సంచి మూతిలా ముడుచుకుని నక్షత్రాకారంలో ఉంటుంది. ముద్ద దిగేటప్పుడు ఆ ముడతలు విచ్చుకుంటాయి. మన గీత ఇక్కడ మిగతా నాళంలో కన్నా మందంగా, అదీ నిలువు పోగులతోనే ఉంటుంది. అందుకని అడ్డంగా కోసిన స్లైడ్‌లో గీతలా కాకుండా విడివిడి చుక్కల గుత్తులుగా కనిపిస్తుంది. దీన్ని చూసి మస్క్యులారిస్ ఎక్స్‌టర్నా అనుకుని, ఆ కింద ఉన్న సబ్‌మ్యూకోసాని అడ్వెంటీషియా అని లేబుల్ పెట్టేవాళ్లున్నారు. చివరి అంచు దాకా స్లైడ్ జరిపి చూస్తే ఈ పొరపాటు జరగదు.

అన్నవాహికలో ఏ భాగమో కూడా చెప్పొచ్చు. సుమారు 25 సెంటీమీటర్ల పొడవున్న ఈ గొట్టంలో పై మూడో వంతు బయటి కండరం రేఖిత కండరం: అడ్డచారలు, పోగు అంచుకి నెట్టేసినట్టున్న కేంద్రకాలు. కింది మూడో వంతు పూర్తిగా నునుపు కండరం. మధ్యలో రెండూ కలిసి ఉంటాయి. ఒకే ఫీల్డ్‌లో రెండు రకాలూ పక్కపక్కన కనబడితే మధ్యభాగం అని ధైర్యంగా రాయండి. మెడలో, ఛాతీలో దీనికి సెరోసా లేదు, అడ్వెంటీషియాయే చుట్టుపక్కల కణజాలంతో కలిసిపోతుంది. అన్నవాహిక క్యాన్సర్ పక్కనున్న అవయవాలకి త్వరగా అంటుకోవడానికి ఈ నిర్మాణం ఒక కారణం. వైవాలో ఈ సంగతి అడగకపోయినా చెప్పండి.

అన్నవాహిక, జీర్ణాశయం కలిసే చోటు స్లైడ్ దొరికితే వదలొద్దు. స్క్వేమస్ ఎపితీలియం ఒక్క కణం తేడాతో ఆగిపోయి పక్క నుంచే కాలమ్నార్ మొదలవుతుంది. మధ్యలో మెల్లగా మారే భాగం ఉండదు. ఆమ్లం ఏళ్ల తరబడి పైకి తన్నుతూ ఉంటే ఈ హద్దు పైకి జరుగుతుంది, స్క్వేమస్ ఉండాల్సిన చోట మ్యూకస్ (జిగురు) చేసే గాబ్లెట్ కణాలున్న కాలమ్నార్ వస్తుంది. బారెట్ ఈసోఫేగస్ అనేది అదే.

జీర్ణాశయం: లోతు కొలవాలి

జీర్ణాశయంలో విల్లై లేవు, గాబ్లెట్ కణాలు లేవు. ఉపరితలం మీదున్న ప్రతి కణమూ మ్యూకస్ చేసేదే, అందుకే పైవరస అంతా పాలిపోయి ఒకే తీరుగా ఉంటుంది. ఆ ఉపరితలం లోపలికి గుంటలుగా దిగుతుంది. వాటిని గ్యాస్ట్రిక్ పిట్స్ అంటారు. గుంట అడుగున గ్రంథులు తెరుచుకుంటాయి. గ్రంథులన్నీ మన గీతకి పైనే ఆగిపోతాయి, ఒక్కటి కూడా కిందికి దిగదు.

ఫండస్సా (జీర్ణాశయం పైభాగం) పైలోరస్సా అని తేల్చడానికి గుంట లోతు కొలవండి. 10ఎక్స్‌లో మ్యూకోసా మొత్తం ఫీల్డ్‌లో పట్టేలా పెట్టి, ఉపరితలం నుంచి గీత దాకా ఉన్న దూరాన్ని మనసులో నాలుగు భాగాలు చేయండి. గుంట పావు వంతే ఉండి, కింద పొడుగాటి తిన్నని గ్రంథులు ఉంటే ఫండస్ లేదా బాడీ, రెంటి నిర్మాణమూ ఒకటే. గుంట సగం దాకా దిగి, కింద గ్రంథులు మెలికలు తిరిగి లేతగా ఉంటే పైలోరస్. మెలికలు తిరిగిన గ్రంథిని కోస్తే గుండ్రటి ముక్కలే ఎక్కువ కనిపిస్తాయి, పొడుగాటి గొట్టం ఎక్కడా దొరకదు. ఆ గుండ్రటి ముక్కల గుంపే పైలోరస్ గుర్తు.

ఫండస్ అని అనిపించాక 40ఎక్స్‌కి వెళ్లి ఇద్దరిని వెతకండి. గ్రంథి పై సగంలో పెద్దగా, గుండ్రంగా, బాగా గులాబీగా ఉండి మధ్యలో గుండ్రటి కేంద్రకం ఉన్నవి పెరైటల్ కణాలు. ఆమ్లాన్ని పంప్ చేయడానికి బోలెడు శక్తి కావాలి కాబట్టి వాటి నిండా మైటోకాండ్రియా ఉంటాయి, ఆ గులాబీ రంగు చాలావరకు వాటిదే. గ్రంథి అడుగున, గీతకి దగ్గరగా, కేంద్రకం కింద వైపుకి ఉండి ఊదాగా కనిపించేవి చీఫ్ కణాలు. పెప్సినోజెన్ అనే ప్రోటీన్‌ని తయారుచేసే గరుకు ఎండోప్లాస్మిక్ రెటిక్యులం వల్ల ఆ ఊదా రంగు. కణం ఎంత పెద్దదో అంచనా వేయాలంటే పక్కన రక్తనాళంలో ఉన్న ఎర్రకణాన్ని కొలబద్దగా వాడుకోండి, అది సుమారు 7 మైక్రాన్లు. పెరైటల్ కణం దానికి మూడింతల వరకు ఉంటుంది.

పెరైటల్ కణం ఆమ్లంతో పాటు ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ కూడా చేస్తుంది. బి12 విటమిన్ శరీరానికి అందాలంటే అది ఉండి తీరాలి. ఆ విటమిన్ పీల్చుకునేది మాత్రం ఎక్కడో దూరాన ఇలియమ్ (చిన్నపేగు చివరి భాగం) చివర. అందుకే జీర్ణాశయం తీసేసినవాళ్లకీ, ఇలియమ్ చివర కోసేసినవాళ్లకీ కూడా బి12 ఇంజెక్షన్లు ఇవ్వాల్సి వస్తుంది.

జీర్ణాశయం కండరంలో మూడు పొరలుంటాయని పుస్తకంలో చదివి ఉంటారు: లోపల ఏటవాలు, మధ్యలో వలయాకారం, బయట నిలువు. స్లైడ్‌లో అవి విడివిడిగా కనబడలేదని కంగారు పడొద్దు. ఏటవాలు పొర అన్నిచోట్లా ఉండదు, ఉన్నచోట కూడా హద్దులు స్పష్టంగా ఉండవు. జీర్ణాశయాన్ని మ్యూకోసా చూసి గుర్తుపట్టండి, కండరం చూసి కాదు.

రోజువారీ స్లైడ్‌ని శ్రద్ధగా చూడటం వల్ల ఎంత మారుతుందో చెప్పడానికి జీర్ణాశయం కన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్ అనే పాథాలజిస్ట్ 1979లో జీర్ణాశయం బయాప్సీ స్లైడ్ మీద, ఉపరితల కణాలని అంటిపెట్టుకుని ఉన్న వంకర బ్యాక్టీరియాని గమనించాడు. అంత ఆమ్లంలో సూక్ష్మజీవులు బతకవన్నది అప్పటి నమ్మకం. ఆయన, బ్యారీ మార్షల్ కలిసి చేసిన పని వల్లే పెప్టిక్ అల్సర్లలో చాలావాటికి హెలికోబ్యాక్టర్ పైలోరి కారణమని తేలింది, 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

విల్లస్సా, క్రిప్టా

చిన్నపేగులోకి అడుగుపెట్టే ముందు ఒక్క సంగతి గట్టిగా పట్టుకోవాలి. విల్లస్ పైకి పొడుచుకొచ్చేది, క్రిప్ట్ కిందికి దిగిన గుంట. అట్లాస్‌లో ఇది తేలికే. స్లైడ్‌లో అడ్డంగా తెగినప్పుడు రెండూ గుండ్రంగానే కనిపిస్తాయి, చిక్కు అక్కడే.

తేల్చుకునే పద్ధతి ఇది. గుండ్రటి ముక్క మధ్యలో ఏముందో చూడండి. మధ్యలో లామినా ప్రోప్రియా, అంటే వదులు కణజాలం, కేశనాళికలు, లింఫోసైట్లు ఉండి, వాటి చుట్టూ ఎపితీలియం ఉంటే అది విల్లస్. మధ్యలో ఖాళీ రంధ్రం ఉండి, దాని చుట్టూ ఎపితీలియం, దానికి బయట లామినా ప్రోప్రియా ఉంటే అది క్రిప్ట్. చిన్నపేగా పెద్దపేగా అన్న ప్రశ్న దీంతోనే తేలుతుంది. ల్యూమెన్‌లో విడిగా తేలుతున్న ద్వీపాల్లాంటి ముక్కలు కనిపిస్తే అవి చెత్త అనుకోవద్దు, ఏటవాలుగా తెగిన విల్లై కొసలవి.

విల్లై మీది కణాల అంచున 40ఎక్స్‌లో సన్నటి గులాబీ చార కనిపిస్తుంది. అది స్ట్రయేటెడ్ బోర్డర్, ఒక్కొక్కటి ఒక మైక్రాన్ పొడవుండే మైక్రోవిల్లై గుంపు. మధ్యమధ్యలో తెల్లగా ఖాళీగా ఉన్నట్టు కనిపించేవి గాబ్లెట్ కణాలు. అవి నిజంగా ఖాళీ కావు. లోపలున్న మ్యూకస్ ఈ రంగుల్ని సరిగ్గా పట్టుకోదు, తయారీలో కొంత కరిగిపోతుంది కూడా. పీఏఎస్ రంగు వేస్తే అవే ముదురు గులాబీగా మెరుస్తాయి. క్రిప్టుల అడుగున, గీతని ఆనుకుని, పైభాగంలో గాఢమైన గులాబీ రేణువులున్న పానెత్ కణాలు ఉంటాయి. బ్యాక్టీరియాని చంపే లైసోజైమ్, డిఫెన్సిన్లు వాటి రేణువుల్లో ఉంటాయి. క్రిప్ట్ దిగువ భాగంలో కణ విభజన జరుగుతున్న కణాలు కూడా ఒకటో రెండో దొరుకుతాయి, వెతకండి. పేగు లోపలి పొర నాలుగు నుంచి ఆరు రోజుల్లో మొత్తం కొత్తదైపోతుంది. కీమోథెరపీ తీసుకునేవాళ్లకి విరేచనాలు పట్టుకోవడానికి ఒక కారణం ఆ విభజన ఆగిపోవడం.

చిన్నపేగులో ఏ భాగం

ఇక్కడ కూడా గీతనే అడగండి. గీతకి కింద, సబ్‌మ్యూకోసా నిండా లేతరంగు మ్యూకస్ గ్రంథులు గుంపులుగా ఉంటే డుయోడినమ్. అవి బ్రన్నర్ గ్రంథులు. వాటి నాళాలు గీతని చీల్చుకుని పైకి వెళ్లి క్రిప్టుల అడుగున తెరుచుకుంటాయి. అదృష్టం బాగుంటే గీత తెగిన ఆ చోటు మీ స్లైడ్‌లోనే కనిపిస్తుంది, అది పరీక్షకుడికి చూపిస్తే ఇక వేరే ప్రశ్న ఉండదు. జీర్ణాశయం నుంచి దిగే ఆమ్లాన్ని ఈ గ్రంథుల క్షార స్రావం చల్లార్చుతుంది. డుయోడినమ్ మొదటి భాగంలో ఇవి దట్టంగా ఉండి, కిందికి పోయేకొద్దీ తగ్గిపోతాయి.

పైలోరస్‌తో గందరగోళం వచ్చేది ఇక్కడే. అక్కడా లేత మ్యూకస్ గ్రంథులే, ఇక్కడా అవే. కణాల తీరు చూసి వీటిని విడదీయడం పెద్దవాళ్లకే కష్టం. గీత చూస్తే క్షణంలో పని: గ్రంథులు గీతకి పైన ఉంటే పైలోరస్, కింద ఉంటే డుయోడినమ్. మీకు పెట్టే స్లైడ్‌లలో సబ్‌మ్యూకోసాలో గ్రంథులుండేవి రెండే, అన్నవాహిక, డుయోడినమ్. ఆ రెంటినీ విడదీయడానికి ఎపితీలియం చాలు.

జెజునమ్‌లో సబ్‌మ్యూకోసా ఖాళీగా ఉంటుంది. బ్రన్నర్ గ్రంథులు లేవు, లింఫాయిడ్ గుంపులు (లింఫోసైట్ల ముద్దలు) లేవు, విల్లై మాత్రం పొడుగ్గా ఒత్తుగా ఉన్నాయి అంటే జెజునమ్.

ఇలియమ్‌లో గీత తెగుతుంది. ముదురు నీలం లింఫాయిడ్ ఫాలికిల్స్ లామినా ప్రోప్రియాలో మొదలై గీతని తోసుకుని సబ్‌మ్యూకోసాలోకి దిగుతాయి. వీటి గుంపులే పేయర్స్ ప్యాచెస్. మెసెంటరీ (పేగుని పొట్ట వెనక గోడకి పట్టి ఉంచే మడత) అంటుకున్న వైపుకి సరిగ్గా ఎదురువైపున ఉంటాయి, అందుకని అడ్డంగా కోసిన స్లైడ్‌లో ఉంగరానికి ఒక పక్కనే కనిపిస్తాయి. వాటికి నేరుగా పైన విల్లై ఉండవు, గుమ్మటంలా ఉబ్బి ఉంటుంది. ఆ ఎపితీలియంలోనే ఎమ్ కణాలుంటాయి. మన దగ్గర అందరికీ తెలిసిన టైఫాయిడ్ బ్యాక్టీరియా లోపలికి దూరే దారి అదే. టైఫాయిడ్ పుండ్లు పేయర్స్ ప్యాచెస్ మీదే పడతాయి, ప్యాచ్ పేగు పొడవునా సాగి ఉంటుంది కాబట్టి పుండూ పొడవునా ఉంటుంది. క్షయ పుండు లింఫ్ నాళాల వెంట పాకుతుంది కాబట్టి అడ్డంగా వస్తుంది. సెకండియర్‌లో పాథాలజీ మ్యూజియంలో ఈ రెండు నమూనాలూ చూస్తారు. అప్పుడు ఈ స్లైడ్ గుర్తు తెచ్చుకోండి.

కోలన్, అపెండిక్స్

విల్లై లేవు, ఉపరితలం చదును, తిన్నని క్రిప్టులు పక్కపక్కనే సమానంగా దిగి గీత మీద అడుగు ఆనించి ఉన్నాయి, ఎక్కడ చూసినా గాబ్లెట్ కణాలే. ఇది కోలన్. నీళ్లు పీల్చుకోవడం, గట్టిపడిన మలం జారడానికి మ్యూకస్ పూయడం దీని పని, అందుకే ఆ కణాలు అంత ఎక్కువ. బయటి నిలువు కండరం చుట్టూ సమానంగా కాకుండా మూడు పట్టీలుగా, టీనియా కోలైగా పోగుపడి ఉంటుంది. మీ ముక్కలో ఒక చోట అది మందంగా, పక్కన బాగా పలచగా ఉంటే ఆ తేడాని గుర్తింపు పాయింటుగా రాయొచ్చు. క్రిప్టులు అడ్డంగా తెగి ఉంగరాల వరసలా కనబడితే తడబడొద్దు, మధ్యలో రంధ్రం ఉంది కదా, అవి క్రిప్టులే.

అపెండిక్స్‌ది కూడా కోలన్ పోలికే, కానీ చిన్నది. క్రిప్టులు తక్కువ, ల్యూమెన్ ఇరుకు, దాని చుట్టూ లింఫాయిడ్ ఫాలికిల్స్ వలయం. గీత అక్కడక్కడా తెగిపోయి, ఫాలికిల్స్ సబ్‌మ్యూకోసాలోకి పొంగి ఉంటాయి. టీనియాలు ఉండవు, నిలువు కండరం చుట్టూరా ఉంటుంది. చిన్నపిల్లల అపెండిక్స్‌లో ఫాలికిల్స్ దట్టంగా ఉంటాయి, వయసు మీద పడ్డాక తగ్గి ఒక్కోసారి ల్యూమెన్ కూడా పీచు కణజాలంతో పూడుకుపోతుంది. ఇలియమ్‌తో పొరబడకుండా ఉండటానికి విల్లై ఉన్నాయా లేవా అని ఒక్కసారి చూస్తే సరిపోతుంది. ఆపరేషన్ చేసి తీసిన అపెండిక్స్‌లో అక్యూట్ అపెండిసైటిస్ అని పాథాలజిస్ట్ సంతకం పెట్టేది బయటి కండర పొరలో న్యూట్రోఫిల్స్ కనబడ్డాకే. అందుకే ఈ స్లైడ్‌లో కండరాన్ని కూడా తీరిగ్గా చూడటం అలవాటు చేసుకోండి.

గీతే లేని స్లైడ్

గాల్‌బ్లాడర్ జీర్ణనాళంలో భాగం కాదు, కానీ స్లైడ్ పెట్టెలో దాని పక్కనే ఉంటుంది, పరీక్షలో దాని పక్కనే వస్తుంది. ఎత్తైన మడతలు చూసి విల్లై అనుకుంటారు. గాబ్లెట్ కణాల కోసం వెతకండి, ఒక్కటీ దొరకదు. గీత కోసం వెతకండి, అదీ దొరకదు. లామినా ప్రోప్రియా దాటగానే నేరుగా కండరం వచ్చేస్తుంది, ఆ కండరం కూడా చక్కటి రెండు పొరలుగా కాకుండా తలో దిక్కుకి పోయే కట్టలుగా ఉంటుంది. గీత లేదు కాబట్టి సబ్‌మ్యూకోసా అనే మాటే లేదు. ఈ బొమ్మలో సబ్‌మ్యూకోసా అని లేబుల్ పెడితే మార్కులు పోతాయి.

కండర పొరల మధ్యలో

అవయవం పేరు తేలాక కూడా స్లైడ్ దించేయకండి. వలయాకార కండరానికీ నిలువు కండరానికీ మధ్యనున్న సందు వెంట 10ఎక్స్‌లో నడవండి. అక్కడక్కడా లేతరంగు గుంపులు కనిపిస్తాయి. 40ఎక్స్‌లో చూస్తే పెద్ద కణాలు, లేత కేంద్రకం, అందులో స్పష్టంగా ఒక న్యూక్లియోలస్. అవి గ్యాంగ్లియన్ కణాలు, ఆ గుంపు ఔర్‌బాక్ ప్లెక్సస్‌ది. పేగు కదలికల్ని నడిపేది ఇది. సబ్‌మ్యూకోసాలో ఉండే మైస్నర్ ప్లెక్సస్ గుంపులు ఇంకా చిన్నవి, ఓపిక ఉంటేనే దొరుకుతాయి.

ఈ ఓపిక వృథా పోదు. పుట్టి రెండు రోజులైనా మొదటి మలం పోని పసిబిడ్డకి హిర్ష్‌స్ప్రంగ్ జబ్బు ఉందేమోనని మలాశయం నుంచి చిన్న ముక్క తీసి పంపిస్తారు. ఆ ముక్కలో మ్యూకోసా, సబ్‌మ్యూకోసా మాత్రమే ఉంటాయి. సబ్‌మ్యూకోసాలో గ్యాంగ్లియన్ కణాలు ఉన్నాయా లేవా అని పాథాలజిస్ట్ ఒకదాని తర్వాత ఒకటి ఎన్నో సెక్షన్లు వెతుకుతారు. ఒక్కటి దొరికినా ఆ జబ్బు కాదని చెప్పొచ్చు. దొరకకపోతే ఆపరేషన్ సమయంలో పేగు పై నుంచి ముక్కలు తీసి, ఫ్రోజెన్ సెక్షన్‌లో (ముక్కని గడ్డకట్టించి అప్పటికప్పుడు కోసి చూసే పద్ధతి) ఎక్కడ ఈ కణాలు మొదలయ్యాయో చూసి, ఏ మేరకు కోయాలో సర్జన్ నిర్ణయిస్తారు.

రికార్డులో బొమ్మ

చూసింది చూసినట్టు, చూసిన వెంటనే గీయండి. ఇంటికెళ్లి అట్లాస్ చూసి గీస్తే చేయి తిరుగుతుందేమో గానీ కన్ను తిరగదు. ముందు మామూలు పెన్సిల్‌తో పొరల హద్దులు సన్నగా గీసుకోండి. మ్యూకోసా, సబ్‌మ్యూకోసా, కండరం మీ స్లైడ్‌లో ఏ నిష్పత్తిలో ఉన్నాయో అదే నిష్పత్తిలో రావాలి. తర్వాత మస్క్యులారిస్ మ్యూకోసా గీయండి, మిగతావన్నీ దానికి పైనో కిందో చోటు చూసుకుంటాయి. హెచ్ అండ్ ఇ పెన్సిళ్లలో గులాబీ ముందు మెత్తగా పూసి, ఆ తర్వాత ఊదాతో కేంద్రకాలు పెట్టండి. కేంద్రకం ఎక్కడ పెట్టారన్నదే బొమ్మకి ప్రాణం: గాబ్లెట్ కణానికి అడుగున, పెరైటల్ కణానికి నడిమధ్యన, రేఖిత కండరానికి అంచున. లేబుళ్లన్నీ కుడివైపు, గీతలు ఒకదాన్నొకటి దాటకుండా.

బొమ్మ కింద గుర్తింపు పాయింట్లు రాసేటప్పుడు ఆ అవయవానికి మాత్రమే ఉన్నవి రాయండి. నాలుగు పొరలున్నాయి అని రాస్తే అది ఏ అవయవానికైనా సరిపోతుంది, మార్కు రాదు. డుయోడినమ్ అయితే విల్లై, సబ్‌మ్యూకోసాలో బ్రన్నర్ గ్రంథులు. ఇలియమ్ అయితే విల్లై, గీతని దాటిన పేయర్స్ ప్యాచెస్. పైలోరస్ అయితే సగం లోతు దిగిన పిట్స్, గీతకి పైనే ఆగిన మెలికల గ్రంథులు. ఒకవేళ స్లైడ్ పాతబడి రంగు వెలిసిపోయి ఉంటే, మ్యూకోసా సగం రాలిపోయి ఉంటే, సరిగ్గా ఉన్న చోటు దొరికేదాకా స్లైడ్ జరపండి. ప్రాణం పోయాక జీర్ణనాళం లోపలి పొర చాలా త్వరగా కుళ్లుతుంది, కాబట్టి ఏ కాలేజీ స్లైడ్‌లోనైనా రాలిన భాగం కొంత ఉంటుంది. ఒక మూలన పదిలంగా మిగిలిన రెండు క్రిప్టులు, వాటి కింద గీత దొరికితే చాలు, మీ బొమ్మ అక్కడి నుంచే మొదలుపెట్టండి.